జియోలైట్‌లో లోహ అయాన్ ఏ గూట్లో కూర్చుంటుంది? దాన్నిబట్టి ఏం మారుతుంది?

సంక్షిప్తంగా: జియోలైట్ చట్రంలోని ప్రతి అల్యూమినియం పరమాణువూ ఒక రుణావేశాన్ని తెస్తుంది. దాన్ని సరిచేయడానికి సోడియం, కాల్షియం, లిథియం, రాగి వంటి లోహ అయాన్లు లోపల చేరతాయి. అవి ఎక్కడపడితే అక్కడ ఉండవు. తమ సైజును, ఆవేశాన్ని, చుట్టూ ఉన్న నీటిని బట్టి కొన్ని నిర్దిష్ట స్థానాల్లో స్థిరపడతాయి. జియోలైట్లు ఒకచోట నీటిని పీల్చడానికి, మరొకచోట నైట్రోజన్‌ను పట్టడానికి, ఇంకోచోట డీజిల్ పొగను శుభ్రం చేయడానికి ఉపయోగపడడం వెనుక ఒక ముఖ్య కారణం ఆ స్థానాల లెక్కే.

ఒకే పేరు, పొంతన లేని పనులు

రొయ్యల చెరువులో అమ్మోనియా పెరిగిందని ఆక్వా రైతు బస్తాలకొద్దీ చల్లేది జియోలైట్. ఊపిరి అందని రోగి మంచం పక్కన నడిచే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌లో చిన్న గుళికల రూపంలో ఉండేదీ జియోలైటే. పెట్రోల్‌లో కలపబోయే ఇథనాల్‌లోంచి చివరి నీటిని లాగేసేది, బీఎస్-6 (భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాల) డీజిల్ లారీల సైలెన్సర్ వరుసలో కూర్చుని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టేది, విశాఖపట్నం రిఫైనరీ వంటి చోట్ల బరువైన నూనెను పెట్రోల్‌గా పగలగొట్టే ఉత్ప్రేరకంలో ప్రధాన భాగమయ్యేది కూడా ఏదో ఒక రకం జియోలైటే. 2021 మే నెలలో కరోనా రెండో అల తీవ్రంగా ఉన్నప్పుడు డీఆర్‌డీఓ ఆక్సిజన్ ప్లాంట్ల కోసం రోమ్ నుంచి బెంగళూరుకు విమానాల్లో వచ్చిన సరుకు పేరు కూడా వార్తల్లో జియోలైట్ అనే కనిపించింది.

దీంతో సహజంగానే ఒక గందరగోళం పుడుతుంది. మన చెరువుల దగ్గర దుకాణాల్లో దొరికే పదార్థాన్నే అన్ని వేల కిలోమీటర్ల నుంచి విమానంలో ఎందుకు తెప్పించారన్నది అప్పట్లో చాలామందికి వచ్చిన సందేహం. జియోలైట్ అనేది ఒక పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు అన్నది మొదటి జవాబు. అది నిజమే కానీ సరిపోదు. ఎందుకంటే ఒకే చట్రం ఉన్న జియోలైట్‌లో కూడా లోపలి లోహ అయాన్‌ను మారిస్తే గుణం పూర్తిగా మారిపోతుంది. కొన్నిసార్లు అయాన్‌ను మార్చకుండా అది కూర్చున్న చోటు మారినా చాలు.

చట్రం, ఆవేశం, ఖాళీ

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఆక్సెల్ క్రాన్‌స్టెట్ స్టిల్‌బైట్ అనే రాయిని మంట మీద వేడిచేస్తే అది మరుగుతున్నట్టుగా ఆవిరి విడిచింది. గ్రీకులో 'మరిగే రాయి' అని అర్థం వచ్చేలా ఆయన పెట్టిన పేరే జియోలైట్. దక్కన్ పీఠభూమి బసాల్ట్ రాళ్ల గూళ్లలో, ముఖ్యంగా మహారాష్ట్రలోని పుణె, జల్గావ్ పరిసరాల్లో, స్టిల్‌బైట్, హ్యూలండైట్ స్ఫటికాలు నేటికీ అందంగా దొరుకుతాయి. ఆ ఆవిరి రాయి లోపలి ఖాళీల్లో ఉన్న నీటిది. నీరు పోయినా రాయి కూలిపోదు. తేమ తగిలితే మళ్లీ తాగుతుంది.

ఆ ఖాళీలను కట్టేది ఒక త్రిమితీయ చట్రం. సిలికాన్ లేదా అల్యూమినియం పరమాణువు మధ్యలో, నాలుగు మూలల్లో నాలుగు ఆక్సిజన్లు ఉండే చతుర్ముఖి దీనికి ఇటుక లాంటిది. ప్రతి ఆక్సిజన్‌నూ రెండు ఇటుకలు పంచుకుంటాయి. ఇటుకలన్నీ సిలికాన్‌తోనే ఉంటే చట్రానికి ఆవేశం ఉండదు. సిలికాన్ వేలెన్సీ నాలుగు, అల్యూమినియందేమో మూడు. కాబట్టి ఒక సిలికాన్ స్థానంలో అల్యూమినియం వచ్చిన ప్రతిసారీ చట్రానికి ఒక రుణావేశం మిగులుతుంది. ఆ ఆవేశం తీరడానికి లోపలి ఖాళీలో ఒక ధన అయాన్ ఉండి తీరాలి. ఈ అయాన్ చట్రంలో భాగం కాదు, ఆక్సిజన్ల ఆకర్షణలో ఆగి ఉంటుంది అంతే; అందుకే ఉప్పునీటిలో నానబెడితే బయటికి వచ్చి ఇంకో అయాన్‌కు చోటిస్తుంది. అయాన్ మార్పిడి అంటే ఇదే.

రెండు అల్యూమినియం ఇటుకలు ఒకే ఆక్సిజన్‌ను పంచుకోవన్న నియమాన్ని 1954లో లోవెన్‌స్టైన్ సూత్రీకరించాడు. దానివల్ల అల్యూమినియం సంఖ్య సిలికాన్ సంఖ్యను మించదు. ఏ రకం జియోలైట్‌లో సిలికాన్, అల్యూమినియంల సంఖ్య సమానమో అందులో అయాన్ల రద్దీ అత్యధికం. సిలికాన్ పెరిగేకొద్దీ అయాన్లు పలచబడతాయి.

పన్నెండు సోడియంలు, మూడు కిటికీలు

స్థానాల లెక్క ఎంత పని చేస్తుందో చూడడానికి జియోలైట్-ఏ కంటే మంచి ఉదాహరణ లేదు. ఇది యూనియన్ కార్బైడ్ కంపెనీలో రాబర్ట్ మిల్టన్ తయారుచేసిన కృత్రిమ జియోలైట్. ప్రకృతిలో దొరికే ఖనిజం కాదు. దీని నిర్మాణంలో పునరావృతమయ్యే చిన్న ఘనంలో 12 అల్యూమినియంలు, 12 సిలికాన్లు ఉంటాయి. అంటే 12 రుణావేశాలు; వాటికి 12 సోడియం అయాన్లు.

ఘనం మధ్యలో ఒక పెద్ద పంజరం ఉంటుంది. దాని గోడల్లో మూడు రకాల వలయాలున్నాయి: నాలుగు చతుర్ముఖులు కలిసిన చతుష్కోణ వలయాలు, ఆరు కలిసిన షట్కోణ వలయాలు, ఎనిమిది కలిసిన అష్టకోణ వలయాలు. షట్కోణ వలయాలు ఎనిమిది. అష్టకోణ వలయాలను పక్క పంజరాలతో పంచుకుంటుంది కనుక ఒక్కో ఘనం వంతుకు మూడు వస్తాయి. అష్టకోణ వలయమే ఒక పంజరం నుంచి ఇంకో పంజరానికి వెళ్లే కిటికీ. చట్రం కదలకుండా ఉందనుకుంటే దాని వెడల్పు సుమారు 4.2 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు); నిజానికి చట్రం కంపిస్తూ ఉంటుంది కనుక ఇంతకంటే కాస్త పెద్ద అణువులూ దూరగలవు. వాయువు అణువులు వచ్చిపోయేది ఈ దారినే.

నీరు పూర్తిగా తీసేసిన స్ఫటికంలో సోడియం అయాన్లకు షట్కోణ వలయమంటే మక్కువ ఎక్కువ. అక్కడ మూడు ఆక్సిజన్లు లోపలివైపు తిరిగి ఉండి సుమారు 2.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో అయాన్‌ను పట్టుకుంటాయి. ఎనిమిది వలయాల్లో ఎనిమిది సోడియంలు సర్దుకుంటాయి. ఇంకా నాలుగు మిగిలాయి. వాటిలో మూడు, మూడు అష్టకోణ కిటికీల్లో, సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగి నిలుస్తాయి. పన్నెండోదానికి మంచి చోటు ఏదీ మిగలదు. అది పెద్ద పంజరంలో ఒక చతుష్కోణ వలయానికి ఎదురుగా, అరకొరగా ఆనుకుని ఉంటుంది. కిటికీలో సోడియం ఒరిగి ఉండడం వల్ల దారి సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌లకు కుదించుకుపోతుంది. మార్కెట్లో 4ఏ అనే పేరు వచ్చింది ఇందువల్లే.

ఇప్పుడు సోడియం తీసి కాల్షియం పెడితే ఏమవుతుంది? సోడియం, కాల్షియం అయాన్ల సైజులు దాదాపు ఒకటే: వ్యాసార్ధాలు 1.02, 1.00 ఆంగ్‌స్ట్రామ్‌లు. సైజునే చూసేవారికి ఏమీ మారకూడదు అనిపిస్తుంది. మారేది సంఖ్య. కాల్షియానికి రెండు ధనావేశాలు కనుక 12 సోడియంల పని ఆరు కాల్షియంలు చేస్తాయి, ఆ ఆరూ షట్కోణ వలయాల్లోనే సర్దుకుంటాయి. కిటికీలన్నీ ఖాళీ. అణువులకు దొరికే దారి సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌లకు పెరిగి, 4ఏ లోపలికి రానివ్వని నార్మల్ బ్యూటేన్ వంటి నిటారు గొలుసు హైడ్రోకార్బన్లు కూడా లోపలికి వెళ్తాయి. కొమ్మలున్న ఐసోబ్యూటేన్ మాత్రం బయటే ఆగిపోతుంది. ఇదే 5ఏ.

పూర్తిగా మార్చాల్సిన అవసరం కూడా లేదు. నాలుగు కాల్షియంలు, నాలుగు సోడియంలు ఉన్నాయనుకుందాం: ఆవేశం 8+4, మొత్తం 12, లెక్క సరిపోయింది. అయాన్ల సంఖ్య ఎనిమిది. షట్కోణ వలయాలూ ఎనిమిదే. అంటే 12 సోడియంలలో ఎనిమిదింటిని, మూడింట రెండు వంతులను, మార్చేసరికే కిటికీలన్నీ ఖాళీ కావాలి. నిజానికి మూడింట ఒక వంతు మార్పిడి దాటినప్పటి నుంచే నార్మల్ పారఫిన్లకు, అంటే ఆ నిటారు గొలుసు హైడ్రోకార్బన్లకు, దారి తెరుచుకోవడం ప్రయోగాల్లో కనిపిస్తుంది. స్ఫటికంలో కొన్ని కిటికీలు ఖాళీ అయితే చాలు, అణువు వాటిలోంచి చుట్టు తిరిగి లోపలికి చేరుతుంది. అయాన్లు నెమ్మదిగా మారుతూ వచ్చినా గుణం మాత్రం ఒక హద్దు దగ్గర ఒక్కసారిగా మారడం జియోలైట్లలో పదేపదే ఎదురయ్యే విషయం.

పొటాషియం పెడితే కథ ఎదురు తిరుగుతుంది. వ్యాసార్ధం 1.38 ఆంగ్‌స్ట్రామ్‌లున్న పొటాషియానికి షట్కోణ వలయం ఇరుకు. అష్టకోణ కిటికీ దగ్గర బాగా ఇముడుతుంది, ఇమిడి దారిని సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌లకు మూసేస్తుంది. ఆ సందులో నీటి అణువు దూరగలదు కానీ ఇథనాల్ దూరలేదు. స్వేదనంతో ఇథనాల్ సాంద్రత బరువులో 95.6 శాతం దాటదు. ఆ తర్వాత నీరు, ఇథనాల్ కలిసే మరుగుతాయి. ఇంధనంగా వాడే ఇథనాల్ నుంచి ఆ మిగిలిన నీటిని తీయడానికి డిస్టిలరీల్లో 3ఏ గుళికల గోపురాలు పెట్టేది ఇందుకే. అక్కడ 4ఏ వాడితే నీటితోపాటు ఇథనాల్ కూడా లోపలికి దూరి చోటు ఆక్రమిస్తుంది.

ఫాజసైట్: మంచి చోట్లు నిండాకే పనికొచ్చే చోటు

ఎక్స్, వై అనే జియోలైట్ల చట్రం ఒకటే, ఫాజసైట్ అనే ఖనిజానిది. తేడా అల్యూమినియం పాళ్లలో ఉంది. వాటి నిర్మాణం మరికాస్త క్లిష్టం. ఒక యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో పునరావృతమయ్యే భాగంలో) 192 చతుర్ముఖులు, ఎనిమిది చిన్న పంజరాలు, ఎనిమిది పెద్ద పంజరాలు ఉంటాయి. చిన్న పంజరాన్ని సోడలైట్ పంజరం అంటారు. దానికి ఎనిమిది షట్కోణ ముఖాలు. వాటిలో నాలుగు పక్క చిన్న పంజరాలతో షట్కోణ పట్టకాల ద్వారా కలుస్తాయి, నాలుగు పెద్ద పంజరాల వైపు తెరుచుకుంటాయి. ఎనిమిది పంజరాలకు నాలుగేసి చొప్పున 32 చివరలు. రెండేసి చివరలకు ఒక పట్టకం కనుక పట్టకాలు 16. పెద్ద పంజరం వైపు తెరుచుకునే షట్కోణ ముఖాలు 32.

స్థానాల పేర్లు ఈ లెక్క నుంచే వచ్చాయి. పట్టకం నట్టనడుమ ఉన్నది ఒకటో స్థానం; ఇవి 16. పట్టకం చివర, చిన్న పంజరం లోపలివైపు ఉన్నది ఒకటి-ప్రైమ్, ఇవి 32. పెద్ద పంజరం వైపు షట్కోణ ముఖం మీద ఉన్నది రెండో స్థానం, ఇవీ 32. అదే ముఖానికి చిన్న పంజరం లోపలివైపు ఉన్నది రెండు-ప్రైమ్. పెద్ద పంజరం గోడలకు చతుష్కోణ వలయాల దగ్గర ఆనుకుని ఉన్నవి మూడో స్థానాలు. వీటికి ఒక షరతుంది. పట్టకం నడుమ అయాన్ ఉంటే దాని రెండు చివరలా ఇంకో అయాన్ ఉండలేదు. అంత దగ్గరలో రెండు ధనావేశాలు ఇమడవు.

నీరు తీసిన వై జియోలైట్‌లో కాల్షియం అయాన్ తనకు ఆరు ఆక్సిజన్లు దొరికే పట్టకం నడుమకే మొగ్గు చూపుతుంది. లిథియం చాలా చిన్నది. ఆరు ఆక్సిజన్ల మధ్య దానికి పట్టు చిక్కదు, మూడు ఆక్సిజన్ల దగ్గరే కుదురుకుంటుంది. కాబట్టి అది ఒకటి-ప్రైమ్, రెండో స్థానాలను ముందు నింపుతుంది.

ఆక్సిజన్ ప్లాంట్ రహస్యం ఇక్కడే ఉంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల సైజులు 3.64, 3.46 ఆంగ్‌స్ట్రామ్‌లు; పెద్ద పంజరాల మధ్య ద్వారమేమో 7.4. అంటే జల్లెడ పట్టడం వల్ల ఇవి వేరు కావు. నైట్రోజన్‌కు చతుర్ధ్రువ భ్రామకం (అణువులో ఆవేశం ఎంత అసమానంగా పరుచుకుందో చెప్పే కొలత) ఆక్సిజన్ కంటే చాలా ఎక్కువ; బయటికి కనిపించే చిన్న ధన అయాన్ దగ్గర ఉండే తీవ్రమైన విద్యుత్ క్షేత్రానికి అది ఎక్కువగా అతుక్కుంటుంది. గాలిని ఒత్తిడితో పంపితే నైట్రోజన్ గుళికల్లో చిక్కి, ఆక్సిజన్ ముందుకు పోతుంది. ఒత్తిడి తగ్గిస్తే నైట్రోజన్ వదిలేస్తుంది. ఆర్గాన్ ఆక్సిజన్‌తో పాటే పోతుంది కనుక ఈ పద్ధతిలో వచ్చే వైద్య ఆక్సిజన్ శుద్ధత 93 శాతం దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు స్థానాల లెక్క. సిలికాన్, అల్యూమినియం సమానంగా ఉన్న ఎక్స్ రకంలో యూనిట్ సెల్‌కు 96 లిథియం అయాన్లు కావాలి. వాటిలో 32 ఒకటి-ప్రైమ్‌లోకి వెళ్తాయి. అవి చిన్న పంజరం లోపల ఉంటాయి. నైట్రోజన్ అక్కడికి చేరనే లేదు. మరో 32 రెండో స్థానంలోకి వెళ్తాయి. అవి పెద్ద పంజరం అంచునే ఉన్నా షట్కోణ వలయపు తలంలోకి దిగిపోయి, చుట్టూ ఉన్న ఆక్సిజన్ల చాటున ఉంటాయి. మిగిలిన 32 మాత్రమే మూడో స్థానాల్లోకి వచ్చి పెద్ద పంజరంలోకి పొడుచుకుని నిలబడతాయి. నైట్రోజన్‌ను పట్టే పని దాదాపు ఇవే చేస్తాయి.

దీని ఫలితం తయారీదారుకు కఠినంగా ఉంటుంది. సోడియం తీసి లిథియం పెడుతూ పోతే మొదటి 64 అయాన్లు, అంటే మూడింట రెండు వంతులు, పనికిరాని చోట్లను నింపడానికే ఖర్చవుతాయి. మార్పిడి శాతాన్ని అడ్డంగా, నైట్రోజన్ పట్టే సామర్థ్యాన్ని నిలువుగా గీస్తే గీత అక్కడిదాకా దాదాపు చదునుగా పోయి, ఆ తర్వాతే నిట్టనిలువుగా లేస్తుంది. సగం లిథియం పెట్టిన గుళిక సగం పని చేయదు. దాదాపు ఏమీ అదనంగా చేయదు. 86 అల్యూమినియంలు ఉండే సాధారణ ఎక్స్‌లో మొత్తం లిథియం నింపినా 64 పోగా మిగిలేవి 22. అల్యూమినియంను 86 నుంచి 96కు పెంచితే పెరిగింది పన్నెండు శాతమే, కానీ పనికొచ్చే అయాన్లు 22 నుంచి 32కు పెరిగాయి. చెరువు దుకాణంలోని బస్తాకూ విమానంలో వచ్చిన సరుకుకూ ఉన్న దూరం ఈ చివరి 32 అయాన్లలో చాలావరకు ఇమిడి ఉంది.

ఇదే కారణంగా ఆ గుళికలకు తేమ బద్ధశత్రువు. మూడో స్థానంలో పొడుచుకుని ఉన్న లిథియాన్ని నైట్రోజన్ కంటే నీటి అణువు ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఒత్తిడి తగ్గించినంత మాత్రాన అది వదలదు, గట్టిగా వేడిచేయాలి. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్‌కు ఆ ఏర్పాటు ఉండదు కనుక తేమ ఎక్కువున్న గదిలో ఏళ్ల తరబడి నడిచిన యంత్రం శుద్ధత తగ్గుతూ పోతుంది.

నీటిలో ఒక చోటు, వేడిలో ఒక చోటు

పైన చెప్పిన స్థానాలన్నీ నీరు తీసేసిన స్ఫటికానివి. మార్పిడి జరిగేది మాత్రం నీటిలో. ఆ రెండు స్థితుల్లో అయాన్ ఒకేచోట ఉండదు. కోబాల్ట్ నింపిన జియోలైట్-ఏ పొడిని చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు లేత గులాబీ రంగు. అప్పుడు కోబాల్ట్ చుట్టూ నీటి అణువులున్నాయి. వేడిచేసి నీరు తరిమేస్తే కోబాల్ట్ వెళ్లి షట్కోణ వలయపు ఆక్సిజన్లను పట్టుకుంటుంది, పొడి నీలంగా మారుతుంది. గాలికి వదిలేస్తే మళ్లీ తేమ పీల్చి గులాబీకి తిరుగుతుంది. అయాన్ల సంఖ్య ఒక్కటీ మారలేదు.

పరిశ్రమలో దీని ప్రాధాన్యం లాంథనం దగ్గర బాగా అర్థమవుతుంది. నూనె పగలగొట్టే ఉత్ప్రేరకాల్లో వై జియోలైట్‌కు లాంథనం, సీరియం వంటి విరళ మృత్తిక (రేర్ ఎర్త్) లోహాలు చేర్చడం 1960ల నుంచి ఉంది. మోబిల్ కంపెనీలో చార్లెస్ ప్లాంక్, ఎడ్వర్డ్ రోసిన్‌స్కీ చేసిన పని దానికి పునాది. నీటిలో లాంథనం అయాన్ తన చుట్టూ నీటి అణువుల మూటతో తిరుగుతుంది. ఆ మూట పెద్ద పంజరంలోకి రాగలదు గానీ, సుమారు 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల షట్కోణ ముఖంలోంచి చిన్న పంజరంలోకి పోలేదు. అందువల్ల గది ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు నానబెట్టినా యూనిట్ సెల్‌కు సుమారు 16 సోడియంలు చిన్న గూళ్లలో కదలకుండా ఉండిపోతాయి.

దీనికి విరుగుడు కొలిమి. పొడిని కాలిస్తే నీటి మూట విడిపోయి, ఒంటరి లాంథనం ఒకటి-ప్రైమ్‌లోకి దూరుతుంది, అక్కడున్న సోడియం పెద్ద పంజరంలోకి వస్తుంది. ఆ తర్వాత మళ్లీ నానబెడితే ఆ సోడియం సులువుగా బయటికి పోతుంది. తయారీలో రెండు మార్పిడులు, రెండు కాల్పులు ఉండడానికి కారణం ఇదే. చిన్న పంజరంలో చేరిన లాంథనం హైడ్రాక్సిల్ వంతెనలతో పక్కవాటితో ముడిపడి, దాదాపు 700 డిగ్రీల ఆవిరిలో కూడా చట్రం నుంచి అల్యూమినియం ఊడిపోకుండా కాపు కాస్తుంది. అదే లాంథనం పెద్ద పంజరంలోనే ఉండిపోతే ఆ రక్షణ ఉండదు. రసాయన విశ్లేషణ నివేదికలో రెండింటి శాతాలూ ఒకేలా కనిపిస్తాయి.

డీజిల్ పొగలో రాగి: కదిలే అయాన్

భారత్‌లో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక యాడ్‌బ్లూ లేదా డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం లారీ డ్రైవర్లకు రోజువారీ మాట అయింది. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నైట్రోజన్, నీరుగా మారడానికి ఉత్ప్రేరకం కావాలి. వాటిలో ముఖ్యమైనది రాగి నింపిన చాబజైట్ చట్రం. ఎస్‌ఎస్‌జెడ్-13 అనేది దాని సిలికాన్ ఎక్కువున్న రూపం.

ఇందులో కొత్త సమస్య ఒకటుంది. అల్యూమినియంలు పలచగా, దూరదూరంగా ఉంటాయి. రాగికి రెండు ధనావేశాలు. ఒకే షట్కోణ వలయంలో రెండు అల్యూమినియంలు దొరికితే రాగి అక్కడ నేరుగా కూర్చుంటుంది. 2010లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎక్స్‌రే వివర్తనంతో (స్ఫటికంలో ఎక్స్‌రేలు చెదిరే తీరును చూసి) ఈ స్థానాన్ని గుర్తించారు. ఒకే అల్యూమినియం దొరికితే రాగి ఒక హైడ్రాక్సిల్‌ను వెంటబెట్టుకుని, నికర ఆవేశం ఒకటిగా, అష్టకోణ వలయం దగ్గర ఉంటుంది. రెండూ పని చేస్తాయి, కానీ మన్నిక వేరు. వేడి ఆవిరిలో హైడ్రాక్సిల్‌తో ఉన్న రాగి ఊడి ఆక్సైడ్ ముద్దలుగా మారే ప్రమాదం ఎక్కువ, గంధకానికి కూడా అదే ఎక్కువగా లోబడుతుంది. బీఎస్-4లో 50 పీపీఎం ఉన్న డీజిల్ గంధకాన్ని బీఎస్-6లో 10 పీపీఎంకు దించడం ఇలాంటి ఉత్ప్రేరకాలకు ప్రాణవాయువు లాంటిది.

స్థానం అనే భావననే కుదిపిన విషయం తర్వాత బయటపడింది. సుమారు 200 డిగ్రీల దగ్గర, అమ్మోనియా ఉన్నప్పుడు, రాగి అయాన్ రెండు అమ్మోనియా అణువులను పట్టుకుని చట్రం నుంచి విడిపోతుంది. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం అది తన అల్యూమినియం నుంచి దాదాపు 9 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా, తాడు కట్టిన దూడలా, తిరగగలదు. పక్క పంజరంలోని రాగితో అష్టకోణ కిటికీలోంచి జత కూడి, ఆక్సిజన్‌ను అందుకునే పని ఆ జత చేస్తుంది. అంటే చల్లగా, పొడిగా ఉన్న స్ఫటికంలో కొలిచిన చోటు, నడుస్తున్న బండిలో రాగి ఉండే చోటు కాకపోవచ్చు. 'క్రియాశీల స్థానం' అని ఒక గూటి పేరు చెప్పి ఊరుకునే వివరణలను ఈ వెలుగులో కాస్త అనుమానంతోనే చదవాలి.

చోటు ఎలా తెలుస్తుంది?

ప్రధాన సాధనం ఎక్స్‌రే వివర్తనం. దానికి కనిపించేవి ఎలక్ట్రాన్లు. ఇక్కడే ఒక చిక్కు. సోడియం అయాన్‌లో ఎలక్ట్రాన్లు 10. నీటి అణువులోనూ 10. సరిగా ఆరని నమూనాలో ఒక మచ్చ కనిపిస్తే అది సోడియమో నీరో ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కటే చెప్పలేదు. చుట్టూ ఉన్న ఆక్సిజన్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసి తేల్చాలి. లిథియం అయాన్‌లో రెండే ఎలక్ట్రాన్లు. ఎక్స్‌రేకు అది దాదాపు కనబడదు. న్యూట్రాన్లకు మాత్రం స్పష్టంగా, పైగా మిగతావాటికి వ్యతిరేక గుర్తుతో కనబడుతుంది. లిథియం మూడో స్థానాల సంగతి నమ్మకంగా చెప్పగలిగింది న్యూట్రాన్ వివర్తనం వల్లే. సిలికాన్, అల్యూమినియం ఆవర్తన పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి కనుక వాటిని విడదీయడానికి సిలికాన్-29 ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చూసే పద్ధతి) సాయం కావాలి.

ఇంకో విషయం తరచూ అపార్థానికి దారితీస్తుంది. పత్రాల్లో ఒక స్థానం 'ఆక్యుపెన్సీ 0.5' అని ఉంటే అక్కడ సగం అయాన్ ఉందని కాదు. కోట్ల యూనిట్ సెల్స్‌లో సగం చోట్ల అయాన్ ఉంది, సగం చోట్ల లేదు అని. వివర్తనం ఇచ్చేది సగటు చిత్రం. ఏ పంజరంలో ఏ రెండు అయాన్లు పక్కపక్కన ఉన్నాయో అది చెప్పదు. రాగి విషయంలో కీలకం ఆ పక్కపక్కనుండడమే కనుక ఎక్స్‌రే శోషణ, ఈపీఆర్ (జత లేని ఎలక్ట్రాన్లను గుర్తించే పద్ధతి), పరారుణ వర్ణపటాలను కలిపి చూస్తారు. వాటికీ పరిమితులున్నాయి, హైడ్రాక్సిల్‌తో ఉన్న రాగి ఈపీఆర్‌లో కనబడకుండా పోతుందన్నది తెలిసిన ఇబ్బందే. ఒకే పద్ధతి మీద ఆధారపడి స్థానాల శాతాలను దశాంశాలతో సహా ప్రకటించే ఫలితాల కంటే, రెండు మూడు పద్ధతులు ఒకేచోట కలిసిన ఫలితాలు నమ్మదగినవి.

తిరిగి చెరువు గట్టుకు

గోదావరి, కృష్ణా, నెల్లూరు తీరాల చెరువుల్లో వాడే జియోలైట్ విషయానికి వస్తే, అమ్మోనియాను తగ్గించే రకంగా పేరున్నది క్లినోప్టిలోలైట్. దాని చట్రం హ్యూలండైట్‌దే. అందులో నాలుగు ముఖ్య స్థానాలను గుర్తించారు. ఒక్కొక్కటి ప్రధానంగా సోడియం, కాల్షియం, పొటాషియం, మెగ్నీషియంలకు నెలవు. అమ్మోనియం అయాన్ సైజు పొటాషియానికి దగ్గర. అందువల్ల మంచినీటిలో అది సోడియాన్ని తోసి తేలిగ్గానే చోటు సంపాదిస్తుంది. అయితే ఈ చట్రం ఇష్టాల వరుసలో సీజియం ముందు, ఆ తర్వాత పొటాషియం, దాని వెనుక అమ్మోనియం, చాలా వెనుక సోడియం, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అణు కేంద్రాల వ్యర్థ జలాల నుంచి రేడియోధార్మిక సీజియాన్ని పట్టడానికి ఈ ఖనిజం పనికొచ్చేదీ ఆ వరుస వల్లే.

రొయ్యల చెరువులో నీరు ఉప్పునీరు. సెలినిటీ (ఉప్పదనం) 10 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు, ఉన్న నీటిలో సోడియం లీటరుకు సుమారు 3,000 మిల్లీగ్రాములు, పొటాషియం సుమారు 110 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆందోళన కలిగించే అమ్మోనియా ఒకటి రెండు మిల్లీగ్రాములు. చట్రానికి అమ్మోనియం ఎంత ఇష్టమైనా, ప్రతి గూటి ముందు ఒక అమ్మోనియంకు పోటీగా వేలల్లో సోడియంలు, దానికంటే ఇష్టమైన పొటాషియంలు పదుల్లో నిలబడి ఉంటాయి. పైగా జియోలైట్ పట్టేది ఆవేశమున్న అమ్మోనియంనే. రొయ్యకు అసలు విషం ఆవేశం లేని అమ్మోనియా వాయువు, నీటి పీహెచ్ పెరిగేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. మంచినీటి చేపల చెరువులో కొంత ఫలితమిచ్చే అదే బస్తా ఉప్పు చెరువులో చాలావరకు సోడియంతోనే నిండిపోయి అడుగున చేరడానికి కారణం సరుకు నకిలీ కావడమే కానక్కర్లేదు. బస్తా మీద సిలికా ఇంత శాతం, అల్యూమినా ఇంత శాతం అని రాసి ఉన్నా, అది ఏ ఖనిజం, అందులో ఇప్పటికే ఏ అయాన్ ఉంది, మార్పిడి సామర్థ్యాన్ని మంచినీటిలో కొలిచారా ఉప్పునీటిలో కొలిచారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ అంకెలు చెరువులో ఏం జరుగుతుందో చెప్పలేవు.